కొత్త కటా మోజులో పాత కటా పోగొట్టుకోకుండా సాధన చేయడం ఎలా?

బెల్ట్ టెస్ట్ అయిపోయిన వారానికి ఏ కరాటే క్లాసులోనైనా వినిపించే మాట ఒకటే: "సార్, కొత్త కటా ఎప్పుడు చెప్తరు?" కటా అంటే బ్లాకులు, పంచ్‌లు, కిక్‌లు ఒక వరసలో కూర్చి ఒక్కరే చేసే సాధన. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్ కానివ్వండి, పాలమూరు స్టేడియం కానివ్వండి, వనపర్తిలో ఏదో స్కూలు వెనక ఖాళీ స్థలం కానివ్వండి, తేడా ఏమీ ఉండదు. అడగడంలో తప్పు లేదు. కొత్తది నేర్చుకోవాలన్న ఉత్సాహం లేనివాడు ఆరు నెలల్లో క్లాసు మానేస్తాడు. గొడవంతా ఆ తర్వాతే. బ్రౌన్ బెల్ట్ దాకా వచ్చి బస్సాయ్ దాయ్ లాంటి పెద్ద కటాను దంచి కొట్టే కుర్రాణ్ని "హేయన్ సాందాన్ చెయ్యి బిడ్డా" అనండి, మూడో కదలిక దగ్గర నిలబడి మాస్టర్ మొహం చూస్తాడు. చాలాచోట్ల బ్లాక్ బెల్ట్ పరీక్షలో ఎగ్జామినర్ కావాలనే ఇలాంటి కింది కటా ఒకటి అడుగుతారు, ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఈ ఇబ్బందికి మందు "రోజూ అన్నీ చెయ్యి" అని చాలామంది చెబుతారు. అది కుదిరే పని కాదు, కుదిరినా పెద్దగా ఉపయోగం లేదు. నా లెక్క వేరే. కొత్త కటా బుర్రకు పని, పాత కటా ఒంటికి పని. ఈ రెండింటికీ టైము, వేళ, పద్ధతి అన్నీ వేరువేరుగా ఉండాలి. కింద రాసినదంతా ఈ తేడాను క్లాసులోనూ ఇంటి దగ్గరా ఎలా అమలు చేయాలన్న దాని గురించే.

మన దగ్గర షోటోకాన్ శైలి క్లాసులు ఎక్కువ కాబట్టి ఆ పేర్లే వాడుతున్నాను. మీది షిటో ర్యూ అయితే హేయన్ బదులు పినాన్ అని చదువుకోండి. ఒక్క జాగ్రత్త: మొదటి రెండూ తారుమారు. మీ పినాన్ నిదాన్, షోటోకాన్‌లో హేయన్ షోదాన్. ఒకినావాలో ఇటోసు అంకో బడిపిల్లల కోసం కూర్చిన ఈ ఐదు కటాల పేరునూ, మొదటి రెండింటి వరసనూ షోటోకాన్ మూలపురుషుడు ఫునకోషి గిచిన్ మార్చారు. వేరే క్లాసు దోస్తుతో కలిసి సాధన చేసేటప్పుడు ఇది తెలియకపోతే అరగంట వాదనకే పోతుంది.

ముందు చేతిలో ఏమున్నాయో లెక్క తీయండి

ఒక నోటుబుక్కు తీసుకుని ఇప్పటిదాకా మీకు నేర్పిన కటాలన్నీ వరసగా రాయండి. ఒక్కోదాని ఎదురుగా మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: వచ్చింది, నడుస్తుంది (వరస తెలుసు, ఇంకా గట్టిపడలేదు), కొత్తది. "వచ్చింది" అని రాసే ముందు మాత్రం మీ మాట మీరే నమ్మొద్దు. ఈ మూడు పరీక్షలూ పెట్టి చూడండి.

మొదటిది, నిలబడే దిక్కు మార్చండి. క్లాసులో రోజూ గేటు వైపో, గోడ గడియారం వైపో తిరిగి మొదలుపెడతారు. తెలియకుండానే కటా ఆ గోడకు అతుక్కుపోతుంది. "గేటు వైపు తిరిగి కిక్ కొట్టాలి" అన్నట్టు గుర్తుంటుంది తప్ప "ఎడమకు తిరిగి" అని గుర్తుండదు. గేటుకు వీపు పెట్టి, లేదా పక్కకు తిరిగి అదే కటా మొదలుపెట్టండి. క్లాసులో తిరుగులేకుండా చేసే పిల్లలు జిల్లా పోటీల్లో మ్యాట్ మీద తికమక పడేది భయంతో అనుకుంటాం. సగం సార్లు కారణం ఈ గోడే.

రెండోది, మధ్యలోంచి మొదలుపెట్టండి. హేయన్ షోదాన్‌ను మొదటి కియాయ్ (అరుపు) దగ్గర్నుంచి, అంటే మూడో ఆగె ఉకె (పై బ్లాక్) దగ్గర్నుంచి అందుకోగలరా? మొదట్నుంచి చేసుకుంటూ వస్తే తప్ప రావడం లేదంటే ఎక్కాలు ఒకటి నుంచి అప్పజెబితేనే వచ్చే పిల్లాడికీ మీకూ తేడా లేదు.

మూడోది, అలసిపోయి చేయండి. గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తి, ఆయాసం తగ్గకముందే మొదలుపెట్టాలి. బుర్ర ఖాళీగా ఉన్నప్పుడు ఒంట్లో ఏం మిగిలిందో అదే మీకు నిజంగా వచ్చింది.

మొదలుపెట్టిన చోట సుద్దముక్కతో గీత గీసుకోండి. హేయన్ కటాలు మొదలైన చోటికే, లేదా దానికి బాగా దగ్గరగా వచ్చి ఆగాలి. రెండడుగులు అటూఇటూ అయితే ఎక్కడో స్టాన్స్ (కాళ్లు పెట్టి నిలబడే తీరు) పొడవు తప్పిందనో, ఒక మలుపు సరిగా తిరగలేదనో అర్థం. ఎవరూ చెప్పకుండానే గీత చెబుతుంది.

మూడు పరీక్షలూ దాటినవాటికి మాత్రమే "వచ్చింది" అని రాయండి. ఆరు కటాలు వచ్చనుకున్నవాళ్లకు ఈ లెక్కలో రెండు మిగిలితే గాబరా పడకండి, మామూలే. ఫునకోషి అంతటివారే పాతరోజుల్లో ఒక్కో కటాకు మూడేళ్లు పట్టేదనీ, తనకు మూడు టెక్కి కటాలకే పదేళ్లు పట్టిందనీ రాసుకున్నారు. మనకు మూడు నెలలకో బెల్ట్ టెస్ట్ ఉంది, ఫీజు కూడా కట్టేశాం, కాబట్టి పదేళ్లు ఆగమని నేను చెప్పను.

కొత్తది ఎంత, ఏ వేళ

కొత్తది ఒక్కటే ఉండాలి. ఇందులో బేరం లేదు. మాస్టర్ రెండు చెబితే, ఒకటి "నడుస్తుంది" దాకా వచ్చేవరకూ రెండోదాన్ని క్లాసులో మాత్రం చేసి, ఇంటి దగ్గర ముట్టుకోకండి.

సాధన మొదలుపెట్టగానే, వార్మప్ అయిన వెంటనే కొత్తదాన్ని తీయండి. మన క్లాసుల్లో జరిగేది దీనికి తలకిందులు: కిహాన్ (విడివిడి కదలికల సాధన) అయ్యాక, పాత కటాలు అయ్యాక, కుమితే (జతతో పోరు) కూడా అయ్యాక, చివరి పది నిమిషాల్లో కొత్త కటా చెబుతారు. అప్పటికి పిల్లల చూపు నీళ్ల సీసాల మీద ఉంటుంది. మీ మాస్టర్ పద్ధతిని మీరు మార్చలేరు కానీ ఇంటి దగ్గర వేళ మీ చేతిలోనే ఉంది. తాజాగా ఉన్నప్పుడు పది నిమిషాలు, మహా అయితే పదిహేను చాలు. మొత్తం సాధనలో మూడో వంతు దాటనివ్వకండి.

ఆ పది నిమిషాల్లో కటా మొత్తం చేయాలని చూడొద్దు. బస్సాయ్ దాయ్‌లో 42 కదలికలు, కాంకు దాయ్‌లో 65 ఉంటాయి. అంత పొడవును ఒక్కసారి మింగబోతే మొదటి పది కదలికలు అద్భుతంగా, మధ్యవి గజిబిజిగా, చివరివి గాలిలో కలిసిపోయినట్టుగా వస్తాయి. రోజుకు నాలుగు నుంచి ఆరు కదలికల ముక్క తీసుకోండి. నిన్నటి ముక్కలోని ఆఖరి కదలికతోనే ఇవాళ్టి ముక్క మొదలవ్వాలి, అప్పుడే అతుకు కుదురుతుంది. సగం వచ్చాక ఒక వారం పాటు చివర్నుంచి వెనక్కి నేర్చుకుంటూ రండి: ఆఖరి నాలుగు, తర్వాత ఆఖరి ఎనిమిది. ఇలా చేస్తే ముందుకు పోయేకొద్దీ తెలిసిన దారిలోకే పోతుంటారు కాబట్టి చివర తడబాటు ఉండదు.

కొత్త ముక్కను బలంగా చేయకండి. పంచ్‌లో పవర్, గొంతులో కియాయ్, డ్రెస్ టపటపమనే చప్పుడు, ఇవేవీ ఇప్పుడు అక్కర్లేదు. దిక్కు, కాలు, చెయ్యి, చూపు ఈ నాలుగూ సరిగా పడితే చాలు. కదలిక కుదరకముందే బలం పెడితే తప్పే గట్టిపడుతుంది, తర్వాత దాన్ని ఊడగొట్టడానికి నేర్చుకున్నదానికి రెట్టింపు కాలం పోతుంది.

సాయంత్రం నేర్చుకున్న ముక్కను మర్నాడు పొద్దున్నే, పళ్లు తోముకున్నాక, ఏ వీడియో చూడకుండా ఒకసారి చేసి చూడండి. కదలికల వరస నిద్రలో గట్టిపడుతుందని పరిశోధనల్లో తేలింది. రాత్రి తడబడింది పొద్దున దానంతటదే వచ్చేస్తే ఆశ్చర్యపోకండి. రాకపోతే ఆ ముక్కే ఇవాళ మళ్లీ. కొత్త ముక్క జోలికి పోవద్దు.

పాతదాంతో ఏం చేయాలి

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని ఊరికే అనలేదు. పాత కటా చేయమంటే పిల్లలు ఎలా చేస్తారో చూడండి: మొహంలో విసుగు, చేతుల్లో తొందర, నలభై సెకన్లు పట్టేది ఇరవైలో ముగింపు. ఇలా పదిసార్లు చేయడం కన్నా చేయకపోవడమే నయం, ఎందుకంటే పదిసార్లూ వదులుతనాన్నే సాధన చేసినట్టు. పాత కటాను "రివిజన్" అనుకున్నంతకాలం ఇది మారదు. వరస గురించి ఆలోచించే పని లేదు కాబట్టి, స్టాన్స్, నడుము, ఊపిరి, టైమింగ్ బాగుచేసుకోవడానికి మీకు దొరికే చోటు పాత కటా ఒక్కటే. కొత్తదాంట్లో ఆ తీరిక ఎక్కడిది?

కాబట్టి రోజుకు ఒకే పాత కటా, అందులో ఒకే విషయం. ఇవాళ చూపు: ప్రతి మలుపులో ముందు తల తిరగాలి, తర్వాతే ఒళ్లు. రేపు వెనక కాలి మడమ: జెన్‌కుత్సు దాచిలో (ముందు మోకాలు వంచి, వెనక కాలు చాచి నిలబడే స్టాన్స్) అది లేస్తుందా, నేలకు ఆనుతుందా? ఎల్లుండి హికితె, అంటే పక్కటెముకల దగ్గరికి లాక్కునే చెయ్యి. ఒక్కో విషయానికి కటా నాలుగైదు సార్లు చేయండి. అందులో ఒకసారి బాగా నెమ్మదిగా, ఒకసారి పూర్తి బలంతో. నెమ్మదిగా చేసేటప్పుడు ఒంటికాలి మీద ఆగలేకపోతే, వేగం మిమ్మల్ని ఇన్నాళ్లూ కాపాడుతూ వచ్చిందన్నమాట.

ఒక్క ఉదాహరణ దగ్గర్నుంచి చూద్దాం. హేయన్ షోదాన్‌లో నాలుగో కదలిక. ఎడమకు తిరిగి కింది బ్లాక్, అడుగేసి పంచ్, వెనక్కి తిరిగి కుడికాలు ముందుగా కింది బ్లాక్. ఇక్కడిదాకా మూడు. నాలుగో దాంట్లో ముందున్న కుడికాలు కొంచెం వెనక్కి లాగుతూ, కుడిచేయి ఎడమ భుజం పక్కనుంచి పైకి గుండ్రంగా తిరిగి, పిడికిలి అడుగుభాగంతో సుత్తి పడ్డట్టు పైనుంచి కిందికి దెబ్బ. వైట్ బెల్ట్‌లో అందరం దీన్ని ఏదో చెయ్యి తిప్పినట్టు తిప్పి దాటేస్తాం. ఇప్పుడు జతగాణ్ని ఎదురుగా నిలబెట్టి, మూడో కదలిక అవ్వగానే మీ కుడి మణికట్టు గట్టిగా పట్టుకోమనండి. చేత్తో మాత్రమే లాగి చూడండి, రాదు. కాలు వెనక్కి రావడం, నడుము తిరగడం, మోచేయి మడవడం మూడూ ఒకే క్షణంలో జరిగితే పట్టు ఊడుతుంది, అదే ఊపులో పిడికిలి కిందికి దిగుతుంది. కాలు ఎందుకు లాగాలో అప్పుడు తెలుస్తుంది. ఇది తెలిశాక ఆ కదలికను మళ్లీ వెనకటిలా తొందరగా దాటేయడం మీ వల్ల కాదు. బున్‌కాయ్ (కదలికల అర్థాన్ని జతతో చేసి చూపడం) అని పెద్ద పేరు పెట్టి బ్లాక్ బెల్ట్ దాకా దాచిపెట్టే క్లాసులు ఉన్నాయి, నాకు మాత్రం ఆ పద్ధతి నచ్చదు. వైట్ బెల్ట్ పిల్లలకే కటాకు రెండు మూడు చోట్ల ఇలా చేయిస్తే పాత కటా మీద విసుగు సగం పోతుంది.

ఇంకో మార్గం, కటాను అద్దంలో చూసినట్టు తిప్పి చేయడం: ఎడమతో మొదలయ్యేదాన్ని కుడితో. బాగా వచ్చిందనుకున్న కటా ఒక్కసారిగా కొత్తదైపోతుంది. దీన్ని "వచ్చింది" అన్న కటాలకే వాడండి. "నడుస్తుంది" అన్నదాన్ని తిప్పితే ఉన్నది కూడా పాడవుతుంది.

ఇంటి దగ్గర చోటు లేదంటారా? టెక్కి షోదాన్ అంతా కిబా దాచిలో (గుర్రం ఎక్కినట్టు కాళ్లు ఎడం చేసి నిలబడే స్టాన్స్), పక్కకు ఒకే గీత మీద జరుగుతుంది. వసారా ఉంటే చాలు. హేయన్ కటాలకైతే ఒక్కో వైపు అడుగేసే ముందు ఒకడుగు వెనక్కి జరిగి మొదలుపెట్టండి. రోజూ మాత్రం అలా చేయకండి, అడుగు పొడవు కుంచించుకుపోతుంది.

ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారిపోవడం

కొత్తది నేర్చుకునే రెండో మూడో వారంలో తప్పకుండా వచ్చే జబ్బు ఇది. కొత్త కటా మధ్యలో పాతది వచ్చి దూరుతుంది, పాతదాంట్లోకి కొత్తది. మీకు మతిమరుపు వచ్చిందని అనుకోకండి. కటాలు నిజంగానే ఒకదాంట్లో ఒకటి కలిసి ఉన్నాయి. హేయన్ కటాల్లో చాలా ముక్కలు కాంకు దాయ్‌లో కనిపిస్తాయి.

ఎక్కడ జారతారో ముందే తెలిస్తే పని సులువు. అన్నిటికన్నా ఎక్కువమంది జారేది రెండు చోట్ల.

ఒకటి: హేయన్ నిదాన్, హేయన్ యోందాన్‌ల ఆరంభం. రెండింట్లోనూ ఎడమకు తిరిగి బరువు వెనక కాలి మీద వేసి, రెండు చేతులూ పైకి. కానీ నిదాన్‌లో పిడికిళ్లు బిగించి, చురుగ్గా. యోందాన్‌లో అరచేతులు తెరిచి, నిదానంగా. పిడికిలి బిగిసిందంటే ఒళ్లు నిదాన్ దారిలో పోతుంది, ఆపడం మీ తరం కాదు.

రెండోది: హేయన్ నిదాన్‌లోనూ కాంకు దాయ్‌లోనూ పక్కకు కిక్, దాంతోపాటే పిడికిలి వెనకభాగంతో దెబ్బ, ఆ తర్వాత వరసగా షుతో ఉకెలు (చేతి అంచుతో బ్లాక్), చివర వేళ్లతో పొడిచే నుకితె వస్తాయి. ఇక్కడిదాకా రెండు కటాలూ కవలపిల్లలే. నుకితె తర్వాతే దారులు చీలతాయి. నిదాన్‌లో ముప్పావు చుట్టు తిరిగి మళ్లీ షుతో ఉకె. కాంకు దాయ్‌లో వెనక్కి తిరిగి, ఒక చెయ్యి నుదుటి మీదికి లేపుతూ ఇంకో చేతి అంచుతో మెడ ఎత్తున దెబ్బ, వెంటనే ముందుకు కిక్. కాంకు దాయ్ నేర్చుకునే బ్రౌన్ బెల్టుల్లో నుకితె కొట్టి, కియాయ్ అరిచి, దర్జాగా నిదాన్‌లోకి వెళ్లిపోయేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు ఉంటారు. వెళ్లినట్టు వాళ్లకు తెలిసేది పక్కవాడు నవ్వినప్పుడే.

ఇలాంటి చోట మొత్తం కటాను మళ్లీ మళ్లీ చేయడం దండగ. చీలిక ఉన్న చోటును మాత్రం కోసి బయటికి తీయండి. ఆఖరి షుతో ఉకె, నుకితె, తర్వాతి కదలిక: మూడంటే మూడే. ఒకసారి నిదాన్ దారిలో, ఒకసారి కాంకు దారిలో, మార్చి మార్చి ఎనిమిది పదిసార్లు. ప్రతిసారీ నుకితె కొట్టే ముందే ఎటు పోతున్నారో పైకి అనండి: "నిదాన్", "కాంకు". నోటితో అనడం కొంచెం సిగ్గుగా ఉంటుంది కానీ బాగా పనిచేస్తుంది. జతగాడు ఉంటే నుకితెకు అర సెకను ముందు అతణ్ని పేరు అరవమనండి.

మీకు మాత్రమే జారే చోట్లు వేరే ఉండొచ్చు. నోటుబుక్కులో కటా పేరు, ఎన్నో కదలిక, ఏ కటాలోకి జారారు, ఈ మూడే రాసుకోండి. నెలలో నాలుగు కన్నా ఎక్కువ కొత్త చోట్లు తేలాయంటే మీరు కొత్తదాన్ని తొందరపెడుతున్నారు. వారం పాటు ముక్క పెంచకుండా ఆగండి.

చీటీల ఆట

కొత్త కటా "నడుస్తుంది" దాకా వచ్చాక పద్ధతి మార్చాలి. అప్పటిదాకా ఒకే కటాను వరసగా చేయడం సరైనదే. ఆ తర్వాత అలాగే కొనసాగితే నేర్చుకుంటున్నట్టు అనిపిస్తుంది, కానీ నిలవదు.

1979లో షే, మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగం ఒకటుంది. చేత్తో చిన్న చిన్న అడ్డుచెక్కలను ఒక వరసలో పడగొట్టాలి. ఇలాంటి వరసలు మూడు. ఒక గుంపు మొదటిదాన్ని పూర్తిగా సాధన చేశాకే రెండోదానికి పోయింది. ఇంకో గుంపు మూడింటినీ కలగాపులగంగా చేసింది. సాధన జరిగేటప్పుడు మొదటి గుంపే చురుగ్గా కనిపించింది. పది రోజుల తర్వాత మళ్లీ పరీక్షిస్తే కలగాపులగంగా చేసినవాళ్లకే బాగా గుర్తుంది. కటా అంతకన్నా చాలా పొడవైనది కాబట్టి మొదటిరోజు నుంచే కలపమని నేను అనను. వరస తెలిశాక మాత్రం కలపాల్సిందే.

చేసే విధానం తేలిక. కటాల పేర్లు చీటీల మీద రాసి స్టీలు డబ్బాలో వేయండి. కొత్తదానికి రెండు చీటీలు, "వచ్చింది" అన్నవాటికి ఒక్కొక్కటి. తీసింది చేయాలి, అంతే. మళ్లీ తీయడాలూ, ఇంకోదాన్ని ఎంచుకోవడాలూ ఉండవు. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది, చెల్లెలితో తీయిస్తే ఇంకా బాగుంటుంది. డబ్బాలోంచి వచ్చిన పేరు చూసి "అమ్మో ఇదా" అని మీకు అనిపించిన కటాయే మీరు వదిలేసింది. మర్నాడు సాధన దాంతో మొదలుపెట్టండి.

వారానికి ఎలా సర్దుకోవాలి

మంగళ, గురు, శనివారాలు క్లాసు ఉంటుందనుకుందాం. ఇంటి దగ్గర మిగతా మూడు రోజులు అరగంట చొప్పున, ఆదివారం సెలవు. సోమవారం: కొత్త ముక్క పది నిమిషాలు, ఒక పాత కటా ఒకే విషయం మీద పదిహేను, జారే చోట్లు ఐదు. బుధవారం అదే, పాత కటా మాత్రం మారుతుంది. శుక్రవారం కొత్త ముక్క లేదు, అరగంటా చీటీలే. వారంలో ఒకరోజు కొత్త ముక్కలకు పూర్తిగా సెలవివ్వడం అవసరం. నేర్చుకున్నది మరిచిపోయారో లేదో తెలిసేది అప్పుడే.

ఎండాకాలం ఈ లెక్క మారాలి. నల్లగొండలో 44, 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. డాబా మీద పొద్దున ఏడు దాటితే పాదాలు కాలతాయి, సాయంత్రం ఆరున్నర అయినా స్లాబు వేడి దిగదు. ఏప్రిల్, మే నెలల్లో పూర్తి బలంతో చేసే రౌండ్లు తగ్గించి, నెమ్మదిగా చేసేవి, జతతో చేసేవి పెంచండి. కొత్త ముక్క తెల్లవారుజామున, నీళ్ల సీసా పక్కనే పెట్టుకుని.

దేవరకొండ నుంచో మిర్యాలగూడ నుంచో నల్లగొండకు బస్సులో క్లాసుకు వచ్చేవాళ్లకు దారి కూడా సాధనే. కిటికీ పక్క సీటు దొరికితే కళ్లు మూసుకుని కొత్త ముక్కను మనసులో చేయండి. చేతులు కొద్దిగా కదిలినా పర్లేదు, పక్కన కూర్చున్న పెద్దాయన కొంచెం దూరం జరుగుతారంతే. మనసులో ఎక్కడ మసకబారిందో, నేల మీద తడబడేది కూడా అక్కడే.

టెస్టు, పోటీ, సెలవులు

బెల్ట్ టెస్ట్ అయినా పోటీ అయినా, రెండు వారాల ముందు కొత్త ముక్కలు ఆపేయండి. ఎంత నేర్చుకున్నారో అంతే. ఆ రెండు వారాలూ టెస్టులో అడిగే కటాలే. మధ్య మధ్యలో చీటీలు.

పోటీకి ఏ కటా తీసుకెళ్లాలన్నది ప్రతి ఏడూ వచ్చే గొడవ. పిల్లాడు కొత్తగా నేర్చుకున్న, ఎగిరి దూకే కటా చేస్తానంటాడు, చప్పట్లు పడతాయని. మీకు బాగా వచ్చినదాన్నే తీసుకెళ్లండి. రౌండ్‌కో కటా మార్చాలన్న నిబంధన ఆ పోటీలో ఉంటే, ఎన్ని రౌండ్లో ముందే అడిగి, అన్ని "వచ్చింది" కటాలు మీ దగ్గర ఉన్నాయో లేదో చూసుకోండి. అందరికన్నా గట్టిదాన్ని చివరికి దాచండి. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, మహిళల కటా ఫైనల్లో స్పెయిన్ సాండ్రా శాంచెజ్, జపాన్ షిమిజు కియో ఇద్దరూ ఒకే కటా చేశారు, చతన్యర కుషాంకు. ఒకే కటా పక్కపక్కనే పెట్టి చూస్తే ఏ కటా ఎంచుకున్నారన్నది కాదు, ఎవరు ఎలా చేశారన్నదే మిగులుతుంది. గెలిచింది శాంచెజ్.

దసరా సెలవులకు క్లాసు ఖాళీ అవుతుంది. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడపిల్లలు రారు, రావాలని అడగడం కూడా బాగుండదు. తిరిగొచ్చాక మొదటి వారం కొత్తది ముట్టుకోకండి. పాత వాటితో ఒళ్లు దారిలోకి వచ్చాక, ఆగిన చోటుకు రెండు ముక్కలు వెనక్కి వెళ్లి అక్కణ్నుంచి ఎత్తుకోండి. పదో తరగతి పిల్లలకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వారానికి రెండు పాత కటాలు చాలు. పరీక్షల ముందు కొత్త కటా మొదలుపెట్టించే మాస్టర్లకు దండం.

మే నెల సమ్మర్ క్యాంపులకు పిల్లల్ని పంపే అమ్మానాన్నలకు ఒక మాట. "నెలలో ఎన్ని కటాలు నేర్పిస్తరు సార్?" అని అడక్కండి. అడిగితే ఐదని చెబుతారు, ఐదూ నేర్పిస్తారు, జూన్ 12కి బడి తెరిచేసరికి ఒక్కటీ ఉండదు. ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు రాణీ లక్ష్మీబాయి పేరుతో ఇచ్చే మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణలో కూడా అంతే. అంత తక్కువ కాలంలో ఒక్క కటా, అదీ జతతో పట్టు విడిపించుకునేంత బాగా వస్తే చాలు.

ఫోన్లో చూసి నేర్చుకునేవాళ్లకు

మాస్టర్ చెప్పకముందే వీడియో చూసి కొత్త కటా మొదలుపెట్టొద్దు. కటా ఒకటే అయినా శైలి మారితే కదలిక మారుతుంది. హేయన్ నిదాన్‌లో షోటోకాన్ వాళ్లు పక్కకు కొట్టే కిక్‌ను షిటో ర్యూ వాళ్లు ముందుకు కొడతారు. ఇద్దరి స్టాన్సూ వేరు. రెండు వీడియోలు కలిపి నేర్చుకుంటే ఏ శైలీ కాని కటా తయారవుతుంది, దాన్ని దిద్దడం మీ మాస్టర్‌కు కొత్తగా నేర్పడం కన్నా కష్టం. ఫోన్‌ను ఇంకో పనికి వాడండి: మీ పాత కటాను నెలకొకసారి, ఒకే చోటు నుంచి, నడుము ఎత్తున పెట్టి వీడియో తీసుకోండి. పోయిన నెలదాని పక్కన పెట్టి చూడండి. కొత్త కటా నేర్చుకుంటున్న నెలల్లో పాతదాంట్లో స్టాన్స్ ఎత్తు పెరిగిందేమో ముఖ్యంగా గమనించండి. మొదట పాడయ్యేది అదే.

కటాలు పది పదిహేను దాటాక

బ్లాక్ బెల్ట్ చేరువయ్యేసరికి లెక్క పెద్దదవుతుంది. అప్పుడు అన్నింటినీ ఒకే స్థాయిలో నిలబెట్టాలని చూడకండి. ఒకదాన్ని మీ సొంత కటాగా ఎంచుకుని రోజూ చేయండి. ఎంచుకునేటప్పుడు ఒడ్డూ పొడుగూ చూసుకోండి: పొట్టిగా, గట్టిగా ఉన్నవాళ్లకు టెక్కి, బస్సాయ్ దాయ్ ఒదుగుతాయి, తేలికగా ఉండి చురుగ్గా కదిలేవాళ్లకు ఎంపి, కాంకు దాయ్. మోకాళ్ల నొప్పులున్న నలభై ఏళ్లు దాటినవాళ్లు దూకే కటాల జోలికి పోకుండా జియోన్ లాంటిది తీసుకోవచ్చు. మిగతా వాటిని రెండు కట్టలు చేయండి. హేయన్ ఐదూ ఒక కట్ట, వారంలో ఒకసారి ఐదూ వరసగా, ఆపకుండా. అరగంట కూడా పట్టదు. హేయన్ కన్నా పై కటాలన్నీ రెండో కట్ట, పది రోజుల్లో ఒక్కోటి కనీసం ఒకసారి చీటీ మీద రావాలి. రాకపోతే ఆ చీటీని డబ్బాలో పైన పెట్టండి.

ఇంకో కొత్త కటా కావాలనిపించినప్పుడు నోటుబుక్కు తెరవండి. "నడుస్తుంది" అన్న వరసలో రెండు కన్నా ఎక్కువ పేర్లుంటే ఆగండి. అందులో ఒకటి మూడు పరీక్షలూ దాటి పై వరసలోకి ఎక్కిన రోజున మాస్టర్ దగ్గరికెళ్లి అడగండి. ముందు పాతది చేసి చూపించమంటారు, గేటు వైపు తిరగనివ్వకుండా.